నిత్య విద్యార్థి అల్‌బెరూనీ

కళాశాలలో అడుగుపెట్టిన నాటి నుండి మనలను రెండు వర్గాలుగా విభజిస్తారు. గణితం, రసాయనం చదివేవారు ఒక వైపు, చరిత్ర, సాహిత్యం చదివేవారు మరొక వైపు. మూడు సంవత్సరాలు గడిచేసరికి ఒకరి పుస్తకాలు మరొకరికి పూర్తిగా అపరిచితాలవుతాయి. ఉర్దూ, తెలుగు అనే భాషాభేదం కూడా తోడైన మనవంటి కళాశాలలో రెండు గదులు నాలుగు గదులవుతాయి. ఈ గదుల మధ్య తలుపులు తెరచి తిరిగిన మహనీయులెవరని ఆలోచించినప్పుడు మాకు మొట్టమొదట స్ఫురించిన పేరు అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్‌బెరూనీ. పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు గజనీ మహమూదు దండయాత్రల అధ్యాయంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క వాక్యం చాలదని భావించి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ఆరల్ సముద్రానికి దక్షిణాన, ఆము దర్యా నదీ మైదానంలో ఖ్వారిజ్మ్ అనే ప్రాచీన రాజ్యం ఉండేది. దాని రాజధాని కాత్. క్రీ.శ. 973 సెప్టెంబరు 4న, హిజ్రీ 362వ సంవత్సరంలో, ఆ నగర పరిసరాలలో అల్‌బెరూనీ జన్మించాడు. పారసీక భాషలో బీరూన్ అంటే వెలుపల అని అర్థం. నగరపు గోడకు వెలుపల పుట్టినవాడు గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ ఊరు నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. 1957లో దానికి బెరూనీ అనే పేరే పెట్టారు.

ఆయన మాతృభాష ఖ్వారిజ్మీ. ఆ భాష ఏనాడో అంతరించింది. ఆయన కాలంలోనే అందులో శాస్త్రం చెప్పడం ఎవరూ ఊహించలేని సంగతి. శాస్త్రానికి అరబ్బీ, రాజసభకు పారసీకం. ఆ రెండింటినీ నేర్చుకొని, రెండింటిలోనూ తాను పరాయివాడినేనని వృద్ధాప్యంలో ఆయన నిస్సంకోచంగా వ్రాసుకొన్నాడు. ఇంట్లో ఒక భాష మాట్లాడి, పరీక్షలో మరొక భాష వ్రాసే మన విద్యార్థులకు ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు.

బాల్యాన్ని గూర్చి ఆయన స్వయంగా చెప్పిన ఒక విషయం మాకు అన్నింటికంటె ప్రీతిపాత్రమైనది. ఆ ప్రాంతంలో ఒక గ్రీకు దేశీయుడు వచ్చి స్థిరపడ్డాడు. పిల్లవాడైన అల్‌బెరూనీ గింజలు, విత్తనాలు, పండ్లు, మొక్కలు చేతికందినవన్నీ అతని వద్దకు తీసుకొనిపోయి, మీ భాషలో దీనిని ఏమంటారని అడిగి, ఆ పేర్లను వ్రాసి పెట్టుకొనేవాడు. బడిపిల్లలు చేసే పరిశోధన ఇంతకంటె స్వచ్ఛంగా ఉంటుందని మేము అనుకోము. అందులో వృక్షశాస్త్రం ఎంత ఉన్నదో భాషాశాస్త్రం కూడా అంతే ఉన్నది.

ఆయనకు గణితం నేర్పిన గురువు అబూ నస్ర్ మన్సూర్ ఆ దేశపు రాజకుటుంబీకుడు, త్రికోణమితిలో ఆనాటి అగ్రగణ్యులలో ఒకడు. రాజపుత్రుడు సామాన్యుని కుమారునికి చదువు చెప్పడమే గాక, తరువాతి కాలంలో శిష్యుని కొరకు గ్రంథాలు వ్రాసి అంకితం చేశాడు. 990లో, అనగా పదిహేడేండ్ల ప్రాయంలో, అర డిగ్రీ చొప్పున గీతలు గల ఒక వలయంతో మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి అల్‌బెరూనీ కాత్ నగరపు అక్షాంశాన్ని నిర్ణయించాడు. ఊళ్ళ స్థానాలను గుర్తించుటకు పెద్ద అర్ధగోళాన్ని కూడా నిర్మించుకొన్నాడు.

995లో ఈ చదువుకు విఘాతం కలిగింది. గుర్గంజ్ పాలకులు కాత్ మీదికి దండెత్తి పాత రాజవంశాన్ని నిర్మూలించారు. ఇరవై రెండేండ్ల యువకుడు కట్టుబట్టలతో దేశం విడిచాడు. నేటి టెహరాన్‌కు సమీపాన ఉన్న రై నగరంలో దారిద్ర్యం అనుభవించాడు. అచటి జ్యోతిష్కుడొకడు శాస్త్ర విషయంలో తనకంటె తక్కువ తెలిసినవాడై ఉండి కూడా, తన పేదరికం చూసి పరిహసించాడనీ, తరువాత తనకు మంచి రోజులు రాగానే స్నేహం నటించాడనీ ఆయన వ్రాసి పెట్టాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఆ నగరంలోనే ఖుజందీ అనే ఖగోళ పండితుని పరిచయం లభించింది.

రెండేండ్లలో ఆయన తిరిగి కాత్ చేరాడు. 997 మే 24 రాత్రి చంద్రగ్రహణం పట్టింది. ముందుగానే చేసుకొన్న ఏర్పాటు ప్రకారం కాత్‌లో అల్‌బెరూనీ, బాగ్దాదులో సుప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫా, ఒకే గ్రహణాన్ని పరిశీలించారు. చంద్రుని మీద భూచ్ఛాయ పడే క్షణం లోకమంతటికీ ఒక్కటే. కాని ఆ క్షణంలో ఒక్కొక్క ఊరి స్థానిక కాలం వేరు. గంటకు 15 డిగ్రీల లెక్కన ఆ తేడాయే రేఖాంశాల తేడా. తంతి తపాలా, రేడియో లేని కాలంలో, వందల కోసుల దూరాన ఉన్న ఇద్దరు పండితులు ఆకాశాన్నే గడియారంగా వాడుకొన్నారు. ఒకరు అప్పటికే వృద్ధుడు, దేశవిఖ్యాతుడు. రెండవవాడు ఇరవై నాలుగు నిండని యువకుడు.

అనంతరం కాస్పియన్ తీరంలోని గుర్గాన్‌లో ఖాబూస్ అనే రాజు ఆశ్రయం దొరికింది. 1000 ప్రాంతంలో అక్కడ రచించిన అల్ ఆసారుల్ బాఖియా ఆయన ప్రథమ మహాగ్రంథం. పారసీకులు, సోగ్దులు, ఖ్వారిజ్మీయులు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు దినాలు ఎట్లా లెక్కిస్తారు, పండుగలు ఎందుకు చేస్తారు అన్నదే అందులోని విషయం. పంచాంగ గణితం చెబుతూ చెబుతూ ఆయన చదరంగపు పలకమీద గడిగడికి గింజలు రెట్టించే లెక్కకు మళ్ళుతాడు. మొత్తం 18,446,744,073,709,551,615 అని తేల్చి చూపుతాడు. మరొకచోట పూల రేకులను లెక్కించి, వాటి సంఖ్యలో రేఖాగణిత నియమం కనిపిస్తున్నదనీ, ఏడు, తొమ్మిది రేకుల పూలు తనకు కనిపించలేదనీ అంటాడు. విషయం దాటిపోతున్నాడని మన పరీక్షాధికారులు మార్కులు తగ్గించి ఉండేవారేమో!

ఆ గ్రంథంలోనే ఒక విషాద ప్రస్తావన ఉన్నది. 712లో ఖుతైబా సేనలు ఖ్వారిజ్మ్‌ను జయించినప్పుడు ఆ దేశపు లిపి, చరిత్ర, శాస్త్రం తెలిసినవారిని సంహరించినందున, తన పూర్వుల విద్య ఎట్లాంటిదో తెలుసుకొనే దారి లేకపోయిందని ఆయన వాపోయాడు. జయించినవారు తన మతస్థులే. అయినను ఆ మాట దాచలేదు. ఇది గుర్తు పెట్టుకొంటే, తరువాత భారతదేశాన్ని గూర్చి ఆయన ఎందుకు అట్లా వ్రాశాడో సులభంగా బోధపడుతుందని మా అభిప్రాయం.

యువ పండితుడైన ఇబ్న్ సీనాకు పద్దెనిమిది ప్రశ్నలు పంపినది కూడా ఈ దశలోనే. అరిస్టాటిల్ చెప్పినంత మాత్రాన నమ్మవలెనా అన్నది వాటి సారాంశం. ఇద్దరి ఉత్తరాలలోనూ వినయం పాలు తక్కువే.

1004 నాటికి ఆయన స్వదేశం చేరి గుర్గంజ్ ఆస్థానంలో ఉన్నాడు. అబూ నస్ర్ కూడా అక్కడనే. కాని 1017లో గజనీ సుల్తాను మహమూదు ఖ్వారిజ్మ్‌ను ఆక్రమించాడు. ధనంతో పాటు పండితులను కూడా గజనీకి తరలించాడు. నలభై నాలుగో ఏట అల్‌బెరూనీ రెండవసారి దేశం కోల్పోయాడు. సుల్తానుకు, ఆయనకు మధ్య జరిగినట్లు కథలు చాలా వ్యాప్తిలో ఉన్నవి. గదికి ఐదవ ద్వారం తొలిపించిన కథ అందులో ప్రసిద్ధం. చెప్పుకొనుటకు బాగున్నదే గాని చరిత్రగా దానిని స్వీకరించలేము.

కథలు అటుంచి, ఒక చిన్న సంఘటన చూడండి. 1018 అక్టోబరు 14న ఆయన కాబూలు సమీపంలోని ఒక గ్రామంలో ఉన్నాడు. మనసు బాగా లేదు, చేతిలో పరికరం ఏదీ లేదు. అయినను ఆ స్థలపు అక్షాంశం తెలుసుకోవలెనని బుద్ధి పుట్టింది. లెక్కలు వేసుకొనే పలక వెనుకవైపున వృత్తఖండం గీచి, భాగాలు గుర్తించి, దారానికి బరువు కట్టి లంబసూత్రంగా వ్రేలాడదీసి, సూర్యుని ఎత్తు కొలిచాడు. ప్రయోగశాలలో పరికరాలు చాలవని ఏటేటా విజ్ఞప్తులు సమర్పించే మేము ఈ భాగాన్ని చదివి కొంతసేపు మాట్లాడలేదు. (విజ్ఞప్తి మాత్రం ఈ ఏడు కూడా సమర్పిస్తున్నాము. కమిటీవారు గమనించ ప్రార్థన.)

గజనీ సామ్రాజ్యం పంజాబు వరకు వ్యాపించినందున ఆయనకు భారతదేశం చూసే అవకాశం కలిగింది. పెషావరు, లాహోరు, ముల్తాను, సియాల్‌కోటు మొదలైన వాయవ్య ప్రాంతాలవరకే ఆయన పర్యటన. కాశీని గాని, కాశ్మీరాన్ని గాని, మన దక్కనును గాని ఆయన చూడలేదు. నడివయసు దాటిన తరువాత ఆయన సంస్కృతం నేర్వసాగాడు. ఒక్క వస్తువుకు అనేక పదాలు, ఒక్క పదానికి అనేకార్థాలు. అరబ్బీ నాలుకకు లొంగని హల్లుల కూడికలు. లేఖకుల అజాగ్రత్త వలన రెండు మూడు ప్రతులకే గుర్తుపట్టరానట్లు మారిపోయిన గ్రంథాలు. అన్నిటినీ ఛందస్సులో బిగించడం వలన కలిగే సందిగ్ధత. ఈ కష్టాలనన్నిటినీ వరుసగా వివరించి, అయినను ధనానికి వెనుదీయక గ్రంథాలు సేకరించాననీ, పండితులను దూరప్రాంతాలనుండి రప్పించుకొన్నాననీ తెలిపాడు.

మొదట ఆయన భారతీయ జ్యోతిష పండితుల ముందు శిష్యునివలె నిలిచాడు. కొంత గ్రహించిన తరువాత, ఆ లెక్కల వెనుకనున్న కారణాలను తానే విడమరచి చెప్పగా, ఏ హిందూ గురువు వద్ద నేర్చుకొన్నావని వారు ఆశ్చర్యపోయారట. సాంఖ్య గ్రంథమొకటి, పాతంజల యోగ గ్రంథమొకటి ఆయన అరబ్బీలోనికి అనువదించాడు. యోగ గ్రంథానువాదపు వ్రాతప్రతి ఇస్తాంబూలులో లభించి 1956లో అచ్చయింది. అంతకంటె విశేషం, ఇచ్చిపుచ్చుకొనుట రెండువైపులా సాగడం. యూక్లిడ్ రేఖాగణితాన్ని, టాలమీ ఖగోళ గ్రంథాన్ని, నక్షత్రాల ఎత్తును కొలిచే ఉస్తర్‌లాబ్ యంత్రాన్ని గూర్చి తన రచనను హిందువుల కొరకు సంస్కృత శ్లోకాలుగా చేయించే యత్నంలో ఉన్నానని ఆయన వ్రాశాడు.

ఈ శ్రమ అంతటి ఫలమే 1030 నాటి కితాబుల్ హింద్. 80 అధ్యాయాలు. దైవం, ఆత్మ, పునర్జన్మ, వర్ణవ్యవస్థ, తూనికలు, కొలతలు, నదులు, గ్రహణాలు, వివాహం, వ్యాజ్యాలు, ఉపవాసాలు, పండుగలు అన్నీ అందులో ఉన్నవి. ఇది ఖండన గ్రంథం కాదని ఆరంభంలోనే ప్రకటించి, హిందువుల మాటను హిందువుల గ్రంథాలనుండియే చూపి, పక్కన గ్రీకుల మాటను, సూఫీల మాటను పెట్టి పోల్చాడు. పొగడ్త ఉన్నచోట విమర్శ కూడా ఉన్నది. గ్రహణానికి కారణం భూచ్ఛాయ అని లెక్క తెలిసి కూడా రాహువు కథకు తలవంచినందుకు బ్రహ్మగుప్తుని గట్టిగానే మందలించాడు. తమ దేశం వంటి దేశం, తమ శాస్త్రం వంటి శాస్త్రం మరొకటి లేదనుకొనే స్వభావాన్ని ఎత్తి చూపాడు.

కాని ఆ స్వభావానికి, పరాయివారి పట్ల ద్వేషానికి ఒక కారణం తన ప్రభువేనని చెప్పుటకు ఆయన వెనుకాడలేదు. మహమూదు దాడులు ఆ దేశపు సంపదను ధ్వంసం చేశాయనీ, ప్రజలను చెల్లాచెదరు చేశాయనీ, విద్యలు తమ చేయి అందని కాశ్మీరానికి, కాశీకి తరలిపోయాయనీ స్పష్టంగా వ్రాశాడు. మహమూదు మరణించినది కూడా 1030లోనే. అతని కుమారుని కొలువులో ఉంటూ ఈ మాట వ్రాయడం ఎట్టి సాహసమో పాఠకులు ఊహించుకోవచ్చును. విజేత శిబిరంలో ఉండి, పరాజితుల భాష నేర్చి, వారికి జరిగిన నష్టాన్ని వ్రాసిపెట్టిన పండితులు ఆ యుగంలో ఎందరున్నారు? ఖ్వారిజ్మ్‌లో తన పూర్వుల విద్య ఎట్లా మాసిపోయినదో తెలిసినవాడు గనుకనే ఇది చేయగలిగాడని మేము నమ్ముతున్నాము.

ఆ గ్రంథం పదహారవ అధ్యాయంలో భారతదేశపు లిపులను పేర్కొంటూ ఆయన నాగరిని, కర్ణాట లిపిని, గౌడ లిపిని చెప్పి, ఆంధ్రదేశంలో వాడే ఆంధ్రీ లిపిని కూడా చెప్పాడు. అవి రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు పాలిస్తున్న రోజులు. నన్నయ భట్టారకుడు తెలుగున భారతం ఆరంభించినది ఆ రాజు కోరిక మీదనే. గోదావరి తీరాన తెలుగు కావ్యానికి నాంది పలుకుతున్న ఆ తరంలోనే గజనీలో కూర్చొన్న ఒక విద్వాంసుడు మన లిపి పేరును అరబ్బీ అక్షరాలలో నమోదు చేశాడు. ఒక్క పదమే కావచ్చును. ఉర్దూ, తెలుగు పక్కపక్కన అచ్చయ్యే ఈ సంచికలో ఆ ఒక్క పదానికి చోటు దక్కవలెనని మా కోరిక.

భారతభూమి మీద ఆయన చేసిన గొప్ప ప్రయోగం నందన దుర్గం వద్ద జరిగింది. ఆ కోట నేటి పాకిస్తాన్‌లోని జీలం జిల్లాలో, ఉప్పుకొండల శ్రేణిలో ఉన్నది. భూమి చుట్టుకొలతను తెలుసుకొనుటకు అంతకు రెండు శతాబ్దాల క్రితం ఖలీఫా అల్ మామూన్ పండితులు ఎడారిలో కొలతాడు పట్టుకొని నడిచారు. అల్‌బెరూనీ నడక లేకుండ చేశాడు. ముందు కొండ ఎత్తును రెండు స్థానాలనుండి కోణాలు కొలిచి కనుగొన్నాడు. 652 మూరల చిల్లర వచ్చింది. పిదప శిఖరం మీద నిలిచి, దూరాన భూమి ఆకాశం కలిసే రేఖ కంటిమట్టానికి ఎంత దిగువన ఉన్నదో చూశాడు. 34 నిమిషాలు, అనగా అర డిగ్రీకి కొంచెం పైన. భూమి సమతలమైతే ఈ దిగుదల ఉండదు. గుండ్రన గనుకనే ఉన్నది, ఎంత గుండ్రనో ఆ కోణమే చెబుతుంది. ఎత్తు, కోణం, త్రికోణమితి, ఈ మూడింటితో భూవ్యాసార్ధం 1 కోటి 28 లక్షల మూరలకు పైగా తేలింది. ఆయన మూర నిడివి మీద, గాలిలో కాంతి వంగుట వలన కలిగే దోషం మీద నేటికీ చర్చ ఉన్నది. కావున ఆధునిక కొలతతో వెంట్రుకవాసి తేడా లేదని కొందరు చేసే ప్రచారాన్ని మేము ఇక్కడ చేర్చలేదు. పద్ధతిలోని సొగసుకు ఆ ప్రచారం అవసరం లేదు.

ఆయన దృష్టి కాళ్ళ కింది మట్టిమీద కూడా ఉండేది. పర్వతాల చెంత పెద్ద గుండ్రాళ్ళు, దూరం పోయిన కొలది చిన్న రాళ్ళు, ఇంకా దూరాన ఇసుక కనిపించగా, ఉత్తర భారత మైదానం ఒకప్పుడు సముద్రమనీ, నదుల ఒండ్రుతో పూడిందనీ ఊహించాడు.

1029లో రచించిన అత్తఫ్‌హీమ్ అనే ప్రశ్నోత్తర గ్రంథం రైహానా అనే ఖ్వారిజ్మ్ విద్యార్థిని కొరకు ఉద్దేశించినది. రేఖాగణితం, అంకగణితం, ఖగోళం, జ్యోతిషం కలిపి 530 ప్రశ్నలు. వేయేండ్ల క్రితం ఒక స్త్రీ విద్యాభిలాష ఒక గ్రంథానికి కారణమైనదన్న సంగతి మా సహాధ్యాయినులకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాము. ఆ వెంటనే పదకొండు భాగాల మహా ఖగోళ గ్రంథం ఖానూనుల్ మసూదీ వెలువడింది. సుల్తాను మసూదు దానికి పారితోషికంగా ఏనుగు బరువు వెండి పంపగా, అక్కరలేదని తిప్పి పంపాడని జనశ్రుతి.

రత్నాలను, లోహాలను గూర్చిన గ్రంథంలో ఆయన పరీక్షకుడుగా కనిపిస్తాడు. ముక్కు గల పాత్రను నీటితో నింపి, అందులో లోహపు ముక్కను వేసి, పొర్లిపోయిన నీటిని తూచి విశిష్ట గురుత్వం కట్టాడు. బంగారం, పాదరసం విషయంలో ఆయన అంకెలు నేటివాటికి చాలా దగ్గరగా ఉన్నవి. మరకతాన్ని చూస్తే పాముకు కండ్లు పోతాయని ఆనాడు అందరూ నమ్మేవారు. ఆయన పాము మెడకు మరకతాల హారం చుట్టాడు. బుట్టలో మరకతాలు పరిచి పామును ఉంచాడు. కండ్లముందు ఆడించాడు. ఎండలోను, చలిలోను తొమ్మిది నెలలు ఈ పని సాగించి, పాము చూపు తగ్గలేదు, పెరిగినా పెరిగి ఉండవచ్చునని వ్రాశాడు. ఈ వాక్యం వ్రాసినప్పుడు ఆయన తప్పక నవ్వుకొని ఉంటాడు.

1036లో తయారుచేసిన జాబితాలో తన రచనలు 113 అని లెక్క చెప్పాడు. నేడు లభించేవి సుమారు 22. చివరి గ్రంథం ఔషధాల మీద. అప్పటికి ఎనభై దాటింది. కంటిచూపు, వినికిడి సన్నగిల్లాయి. ఒక వైద్య మిత్రుని సాయంతో, ఒక్కొక్క మూలికకు అరబ్బీ, గ్రీకు, సిరియాక్, పారసీక, భారతీయ భాషలలో పేర్లు చేర్చి పెట్టాడు. బాల్యంలో గ్రీకు దేశీయుని దగ్గర మొక్కల పేర్లు అడిగిన వృత్తాంతం ఈ గ్రంథపు పీఠికలోనిదే.

మరణకాలంలో చూడవచ్చిన ఒక న్యాయశాస్త్రజ్ఞుని, వారసత్వంలో అమ్మమ్మల భాగాన్ని గూర్చి పూర్వం మీరు చెప్పిన లెక్క ఏమిటని అడిగాడట. ఈ స్థితిలోనా అని జాలిపడిన మిత్రునితో, తెలియక పోవడంకంటె తెలిసి పోవడం మేలు కదా అన్నాడనీ, వివరణ విని, తిరిగి అప్పగించాడనీ, ఆ మిత్రుడు వీధిలోనికి రాగానే ఇంట ఏడుపు వినిపించిందనీ యాఖూత్ అనే చరిత్రకారుడు వ్రాశాడు. సాధారణంగా 1048 అని చెబుతారు. చివరి గ్రంథాన్నిబట్టి 1050 దాటి ఉండవలెనని పరిశోధకుల వాదన. గజనీలోనే ఖననం జరిగింది.

ఆ గ్రంథాలలో కొన్ని అచ్చయినది మన హైదరాబాదులోనే. 1888లో స్థాపితమై, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న దాయిరతుల్ మారిఫ్ సంస్థ రత్నశాస్త్ర గ్రంథాన్ని 1936లో, లఘు గణిత గ్రంథాలను 1948లో, ఖానూనుల్ మసూదీని మూడు సంపుటాలుగా 1954 నుండి 1956 వరకు, కితాబుల్ హింద్‌ను 1958లో అరబ్బీ మూలంలో ప్రకటించింది. పాము, మరకతాల కథ మొదటిదానిలో ఉన్నది. ఆంధ్రీ లిపి ప్రస్తావన చివరిదానిలో ఉన్నది.